బ్రిడ్జ్ తిరగేసిన పండితుడు

"దీన్ని ఎవరు విప్పారు?"

రిపేరు షాపులో బల్ల వెనక కూర్చున్న అమ్మాయి నా మొహమైనా చూడకుండా అడిగిన మొదటి మాట అది. ప్రేమకథలు చూపులతో మొదలవుతాయని విన్నాను. నాది విచారణతో మొదలైంది.

ఆమె ముందు బల్ల మీద పడుకుని ఉన్నది నా బేస్ గిటార్. మామూలు బేస్‌లో తీగ పొడవు ముప్పైనాలుగు అంగుళాలు ఉంటుంది, దీనిది ముప్పై. పొట్టిది, వయసులో నాకంటే పెద్దది. పెళ్ళికి ముందు మా పెదనాన్న దీన్ని ఒక డాన్స్ బ్యాండులో వాయించేవాడు. వేళ్ళు మొరాయించాక నా చేతికిచ్చి, "వాయించుకో. కెలక్కు," అన్నాడు. వాయించడం అప్పుడప్పుడూ చేశాను. కెలకడం మాత్రం రోజూ చేశాను.

"ఎవరూ విప్పలేదండీ," అన్నాను.

"మరి ఇది ఎగిరి తిరగబడిందా?"

ఆమె స్క్రూడ్రైవర్ చూపిస్తున్న చోట బ్రిడ్జ్ ఉంది. తీగలు కింది చివర ఆనుకునే భాగాన్ని బ్రిడ్జ్ అంటారు. ఈ రకం పాత బేస్‌లలో అది ఒక ఇనుప రేకు, దాని మీద వేలెడు చెక్క పట్టీ, రెండు స్క్రూలు, అంతే. దాని పైన మెరిసే మూత ఒకటి బిగిస్తారు. మూత లోపల ఒక స్పాంజి ముక్క అంటించి ఉంటుంది. తీగ మోగీ మోగగానే దాని నోరు నొక్కడం ఆ స్పాంజి ఉద్యోగం. మొత్తం మీద లోపల ఏం జరుగుతోందో బయటికి తెలియకుండా చేసిన ఏర్పాటు. మా ఇంట్లో చాలామంది పెద్దవాళ్ళు ఇదే పద్ధతిలో పనిచేస్తారు.

నా బేస్‌కి వచ్చిన జబ్బు ఇది. తీగను ఊరికే మీటితే శ్రుతి సరిగ్గా ఉండేది. మెడకి అడ్డంగా ఉండే లోహపు గీత, అంటే ఫ్రెట్ మీద నొక్కి మీటితే లావు తీగ హెచ్చేది, సన్న తీగ తగ్గేది. మా బ్యాండులో కీబోర్డు వాయించేవాడు ప్రతి రిహార్సల్‌లోనూ, "పండితుడా, నువ్వు వాయిస్తున్నది ఏ పాటో చెబితే మేమూ అదే వాయిస్తాం," అనేవాడు.

పండితుడు వాళ్ళు నాకు పెట్టిన పేరు. పాత బేస్ గిటార్ల కోసం ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు ఉంది. మూడొందల నలభై మంది సభ్యులు, అందరూ నిపుణులే, వాయించేవాళ్ళు మాత్రం తక్కువ. అందులో నేనొక వ్యాసం రాశాను. పేరు "ముప్పై అంగుళాల బేస్: ఫ్యాక్టరీ చేసిన పొరపాటు". పద్నాలుగు ఫొటోలు, రెండు పట్టికలు, ఒక గ్రాఫ్. ఆ గ్రాఫ్ ఎందుకు పెట్టానో నాకూ తెలీదు, కానీ దానికే ఎక్కువ మెచ్చుకోళ్ళు వచ్చాయి.

"ఇది ఆ కాలపు షార్ట్ స్కేల్ బేస్‌లలో అందరికీ తెలిసిన లోపమండీ," అని మొదలుపెట్టాను. "బ్రిడ్జ్ డిజైన్‌లోనే తప్పుంది. ఒక్కో తీగకి ఒక్కో సర్దుబాటు ఇవ్వకుండా నాలుగిటికీ కలిపి ఒకే పట్టీ పెట్టారు. పైగా దాన్ని పెట్టిన చోటు చూశారా..."

"అందరికీ అంటే ఎవరికి?"

"మా గ్రూపులో."

"ఆహా."

"నేనే ఒక వ్యాసం రాశాను."

"ఈ పట్టీ దాన్ని చదివినట్టు లేదు." ఆమె తీగలు వదులు చేసి, పట్టీ ఊడదీసి, నా కళ్ళ ముందు పెట్టింది. "పైన చూడండి. నాలుగు చిన్న మెట్లున్నాయి. లావు తీగ మెట్టు వెనక్కి ఉంటుంది, సన్న తీగ మెట్టు ముందుకి ఉంటుంది. మీరడిగిన సర్దుబాటు ఫ్యాక్టరీవాళ్ళు ఇందులోనే చెక్కిపెట్టారు. కాకపోతే రెండు రంధ్రాలూ ఒకేలా ఉన్నాయి కాబట్టి, పట్టీని ఎటు తిప్పినా బుద్ధిగా కూర్చుంటుంది. వాళ్ళు చేసిన పాపం అదొక్కటే. ఎవరో విప్పి, తిప్పిపెట్టి, మూత బిగించేశారు."

ఇలాంటప్పుడు మనిషికి రెండు దారులుంటాయి. ఒకటి ఆలోచించడం, రెండు ఇంకొకరి మీదకి తోయడం. నేను సమయం వృథా చేయలేదు.

"అయితే మీ నాన్నగారే అయ్యుండాలి. దీన్ని ఆఖరిసారి సర్వీసు చేసింది ఆయనే అని మా పెదనాన్న చెప్పాడు."

షాపు వెనక భాగంలో ఒక వయొలిన్‌కి జిగురు పెడుతున్న పెద్దాయన తలెత్తారు. ఆయన్ని అందరూ మేస్త్రి గారనే పిలుస్తారు. ఆ వరసలో ఈ అమ్మాయి చిన్న మేస్త్రి. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, పట్టీని వెలుతురుకి పెట్టి, కళ్ళు చికిలించి చూశారు. ఒక కంటికి అప్పటికే ఆపరేషన్ అయింది, రెండోది వరసలో ఉంది.

"రెండేళ్ళయింది నేను చేసి," అన్నారు. "అయితే నేనే తిప్పిపెట్టుంటాను."

"నాన్నా, నువ్వెందుకు అలా..."

"చూపు సరిగ్గా లేని రోజులమ్మా అవి." నా వైపు తిరిగారు. "ఏమనుకోకు బాబూ. నా వల్ల రెండేళ్ళు తప్పు శ్రుతిలో వాయించావు."

నేను ఎంతో పెద్దమనసుతో "పరవాలేదండీ" అన్నాను. ఆ పరవాలేదు గుర్తొచ్చినప్పుడల్లా బేస్ బదులు నా చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

పది నిమిషాల్లో చిన్న మేస్త్రి పని పూర్తిచేసింది. ఊరికే మీటినా, నొక్కి మీటినా శ్రుతి చూపించే ట్యూనర్ ముల్లు నడిమధ్య నిలబడింది. అప్పుడు మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. చెవి మీద పెన్సిల్, ఒక కనుబొమ మీద రంపపు పొట్టు. ఆ కనుబొమ కొంచెం పైకి లేచి ఉంది. నేను చెప్పేదేదీ నమ్మకూడదని అది ముందే నిర్ణయించుకున్నట్టుంది.

"ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగింది.

"ఏం లేదండీ," అన్నాను. మొట్టమొదటిసారి నా దగ్గర వ్యాసం సిద్ధంగా లేదు.

*

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, వ్యాసానికి ఒక పేరా కలుపుదామని కూర్చున్నాను. రిపేరు చేసేవాళ్ళ నిర్లక్ష్యం గురించి. మంచి పదాలు కూడా దొరికాయి. ఫొటోలు సరిచూసుకుంటూ పోతూ ఏడోదాని దగ్గర ఆగిపోయాను.

ఏడో ఫొటో బేస్ నా చేతికొచ్చిన మొదటి ఆదివారం తీసింది. పాలిష్ చేయడానికి ముందు మూత తీసి, పైనుంచి, దగ్గరగా. దుమ్ము పట్టిన బ్రిడ్జ్, దుమ్ము పట్టిన పట్టీ. లావు తీగ మెట్టు వెనక్కి, సన్న తీగ మెట్టు ముందుకి. అంటే మేస్త్రి గారు పెట్టింది పెట్టినట్టే ఉంది, నిక్షేపంలా ఉంది.

ఎనిమిదో ఫొటో పాలిష్ తర్వాత. పట్టీ తళతళలాడుతోంది. తిరగబడి తళతళలాడుతోంది.

ఆ రెండు ఫొటోలనీ పక్కపక్కన పెట్టి, కింద "ముందు, తర్వాత" అని రాసింది నేనే. మూడొందల నలభై మంది నిపుణులు వాటిని చూశారు. పాలిష్ ఏ కంపెనీదని పదకొండుమంది అడిగారు. మెట్లు ఎటు ఉన్నాయో ఒక్కడూ చూడలేదు.

ఇక్కడ మంచి కథానాయకుడైతే తిన్నగా షాపుకి పరిగెత్తి ఉండేవాడు. నేను ఏడో ఫొటో తీసేశాను. ఎనిమిదోదానికి ఏడు అని నంబరు మార్చాను. తర్వాత చేతులు కడుక్కున్నాను, నిజంగానే, సబ్బు పెట్టి.

*

మర్నాటి నుంచి నా బేస్‌కి కొత్త రోగాలు పట్టుకున్నాయి. మొదటి శనివారం తీగని బిగించే ట్యూనింగ్ కీ ఒకటి వదులైంది. రెండో శనివారం, తీగలకి కింది వైపున వేళ్ళకి ఆసరాగా బిగించే చెక్క ముక్క ఊగడం మొదలుపెట్టింది. ఇవేవీ వాటంతట అవి రాలేదు. శనివారం పొద్దున్నే స్క్రూడ్రైవర్ పట్టుకుని నేనే ఆ పాపం మూటగట్టుకునేవాణ్ణి. ఆ కనుబొమని వారానికోసారైనా చూడకపోతే తోచేది కాదు.

"ఈ చెక్క ముక్క గురించి మీ వ్యాసంలో ఉందా?" అని ఆ రెండో శనివారం అడిగింది. అప్పటికి నా వ్యాసం ఆమెకి మంచి కాలక్షేపం అయిపోయింది.

"ఉంది. బొటనవేలు ఆన్చుకోవడానికి. కానీ పైన పెట్టాల్సింది కింద పెట్టారు. డిజైన్ లోపం."

"ఆ రోజుల్లో బొటనవేలితోనే మీటేవాళ్ళు. మిగతా నాలుగు వేళ్ళూ దీన్ని పట్టుకునేవి. తర్వాత వాయించే పద్ధతి మారింది, చెక్క అక్కడే ఉండిపోయింది. మీకు అర్థం కానిదల్లా లోపమేనా?"

"మీరు ప్రతిదానికీ ఫ్యాక్టరీనే వెనకేసుకొస్తారేంటి?"

"లేనివాళ్ళ మీద నెపం వేయడం తేలిక కదా, అందుకని."

ఆ మాట సూటిగానే వచ్చి తగిలింది. అయినా నేను దాన్ని సరసం కింద జమకట్టుకున్నాను.

షాపు ఉన్నది మొదటి అంతస్తులో, దాని పైఅంతస్తులో పళ్ళ డాక్టరు ఉన్నాడు. పైన డ్రిల్లు, కింద డ్రిల్లు, మెట్ల మీద నిలబడితే ఎవరు దేన్ని తొలుస్తున్నారో తెలిసేది కాదు. ఆ రోజు బుగ్గ వాచిన పెద్దమనిషి ఒకాయన పొరపాటున లోపలికొచ్చి, నా పక్కన కూర్చుని, "నాది కింది వరసలో," అన్నాడు. చిన్న మేస్త్రి చేతిలో డ్రిల్లుతో తలెత్తి, "పైన సార్," అంది. ఆయన ఆ డ్రిల్లు చూసి, పైకి కాదు, వీధిలోకి వెళ్ళిపోయాడు. ఇద్దరం ఒకేసారి నవ్వాం. నవ్వు ఆగాక కూడా ఇద్దరం ఒకరినొకరం చూస్తూ ఉన్నాం. నొప్పితోనే వెళ్ళిపోయిన ఆ పెద్దమనిషికి నేనెంతో రుణపడి ఉన్నాను.

బేస్ సంచిలో పెడుతూ ఆమె అడిగింది. "ఇంకేమైనా చెప్పాలా?"

గొంతు మారింది. మొదటి రోజు అడిగినట్టు లేదు. కళ్ళలోకి చూస్తూ, జవాబు కోసం ఆగి మరీ అడిగింది. ఈ అమ్మాయి నా నోటితో ఒక మాట వినాలనుకుంటోంది. అదేమిటో నాకు తెలుసు. తెలిసి కూడా ధైర్యం చాలక, "వచ్చే వారం చెప్తాను," అన్నాను.

"చూస్తాను," అంది.

నేను ఈలవేసుకుంటూ మెట్లు దిగాను.

ఒక్క విషయం మాత్రం నా ఈలకి అడ్డొచ్చేది. మేస్త్రి గారు. ఆయన ఇప్పుడు బల్ల దగ్గర కూర్చోవడం లేదు. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని చిక్కుపడిన వైర్లు విప్పి చుట్టలు చుట్టేవారు. చుట్టడానికి వైర్లు అయిపోతే, చుట్టినవే మళ్ళీ విప్పేవారు. భూతద్దం, సన్న స్క్రూడ్రైవర్లు కూతురి వైపుకి జరిగాయి. నేను చూసీ చూడనట్టు ఆయనకి నమస్కారం పెట్టి లోపలికి జారుకునేవాణ్ణి.

మూడో శనివారం నేను వెళ్ళేసరికి గుమ్మంలో ఒకాయన నిలువెత్తు డబుల్ బేస్‌ని ఒంటికి ఆన్చుకుని నిలబడి ఉన్నాడు. అది మెడ దగ్గర విరిగింది. "మీరు తప్ప దీన్ని ఇంకెవరూ అతకలేరు," అంటున్నాడు.

"నేను మానేశాను సార్," అన్నారు మేస్త్రి గారు.

"మానేయడమేంటి? పోయిన నెల మా అమ్మాయి వయొలిన్ చేసిచ్చారు కదా."

"చేశాను. ఇప్పుడు దాన్ని కూడా ఇంకెవరికైనా చూపించుకోండి. నా చెయ్యి నమ్మొద్దు."

ఆయన విరిగిన వాద్యాన్ని మోసుకుని దిగులుగా వెళ్ళిపోయాడు. నేను వెళ్ళి మేస్త్రి గారి పక్కన నిలబడ్డాను. ఓదార్చాలనిపించింది. నిజం చెప్పకుండా ఎలా ఓదార్చాలో మాత్రమే వెతుక్కున్నాను.

"అందరికీ పొరపాట్లు జరుగుతాయండీ," అన్నాను.

"పొరపాటు గురించి కాదు బాబూ. చూపు తగ్గుతోందని నాకు తెలుసు. దానికి నేను భయపడలేదు. వేళ్ళు చూసుకుంటాయిలే అనుకున్నాను. ఆ పట్టీ మెట్లు చూడక్కర్లేదు, తడిమితే తెలుస్తాయి. అలాంటిదాన్ని తిప్పిపెట్టి, అది తెలియకుండా మూత బిగించానంటే, ఇంక వీటిని ఏ ధైర్యంతో ఒకరి వస్తువు మీద పెట్టను?"

అని తన రెండు చేతులూ ఒకసారి తిప్పి చూసుకుని, మళ్ళీ వైరు చుట్టడం మొదలుపెట్టారు. ఆ పూట చిన్న మేస్త్రి నాతో ఒక్క జోకూ వేయలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం ఆ ప్రశ్నే అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె షట్టరు సగం దించేసింది.

*

నాలుగో శనివారం వాన. పొద్దున్న మొదలై, మధ్యాహ్నానికి వీధిని కాలువ చేసింది. బేస్ మీద గొడుగు పట్టి, నేను తడిసి ముద్దై చేరుకున్నాను. ప్రేమలో ఉన్నవాడు తడిస్తే అందంగా ఉంటాడని ఎవరన్నారో కానీ, ముక్కు కారేవాడి సంగతి ఆలోచించి ఉండరు.

నేను నిర్ణయించుకునే వచ్చాను. ఇంక సాగదీయకూడదు. ఆ అమ్మాయి నాలుగు వారాలుగా అడుగుతోంది.

మేస్త్రి గారు గుమ్మం దగ్గర కునుకు తీస్తున్నారు. చిన్న మేస్త్రి నా బేస్ సంచి తెరిచి, "ఈ వారం ఏం ఊడింది?" అంది.

"మూత స్క్రూ."

ఒక నిమిషం పని. బిగించి, తుడిచి, సంచి జిప్పు వేస్తూ తలెత్తింది. "ఇంకేమైనా చెప్పాలా?"

"చెప్పాలి," అన్నాను.

ఆమె చెయ్యి జిప్పు మీదే ఆగిపోయింది. ఆ మొహంలో ఒక్కసారిగా వెలుగు వచ్చింది. ఇన్ని వారాలకి వచ్చిన వెలుగది, నా వల్లే వచ్చింది. "మీరంటే నాకిష్టం. ప్రేమిస్తున్నాను," అన్నాను. ముక్కు చీదాల్సొచ్చినా చీదకుండా చెప్పాను.

వెలుగు ఆరిపోయింది.

"అది తెలుసు," అంది నెమ్మదిగా. "మీరు దాని మీద వ్యాసం రాయకపోయినా, అది నేను రెండో వారమే చదివాను. నేనడిగింది అది కాదు."

"మరి?"

ఆమె నా భుజం మీదుగా గుమ్మం వైపు చూసింది. నేనూ తిరిగి చూశాను. మేస్త్రి గారి ఒళ్ళో చుట్టిన వైరు జారి, నేల మీద మళ్ళీ చిక్కుపడి ఉంది.

"నాలుగు వారాలుగా ఆయన ముందు నుంచే నడిచి లోపలికొస్తున్నారు మీరు. అయినా మీకు చెప్పాలని తోచింది ఇదొక్కటే," అంది.

తెలిసిపోయింది. ఆమెకి అంతా తెలుసునని నాకు తెలిసిపోయింది. ఆ క్షణంలో నా మొహం ఎలా ఉందో కానీ, ఆమె మొహం తిప్పుకుని ఇంకెవరిదో గిటార్ ముందుకి లాక్కుంది. గొడుగు కూడా మర్చిపోయి వానలోకి నడిచాను.

తిన్నగా పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. తువ్వాలు ఇచ్చి, కథంతా విన్నాడు. నేను చెప్పిన కథలో ప్రేమ ఎక్కువ, పట్టీ తక్కువ. ఆయన ప్రేమని వదిలేసి పట్టీ పట్టుకున్నాడు.

"మేస్త్రి తిప్పిపెట్టాడా? ఆ మనిషి నా బేస్‌ని ముప్పై ఏళ్ళు చూశాడు. ఒరేయ్, నువ్వు కెలికావా?"

తువ్వాల్లో మొహం దాచుకుని, "ఆ," అన్నాను.

"నాకు చెప్పి ఏం లాభం?"

"ఆ అమ్మాయి మొహం చూడలేను పెదనాన్నా."

"ఆ అమ్మాయి మొహం ఎవడు చూడమన్నాడు? వాళ్ళ నాన్న చేతులు చూడు," అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

*

మర్నాడు పొద్దున షాపు తెరవగానే వెళ్ళాను. అప్పటికే నలుగురున్నారు. వయొలిన్ పట్టుకున్న ఒకావిడ, గిటార్ తీగల కోసం వచ్చిన ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, టీ కప్పుతో పళ్ళ డాక్టరు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామని మనసు గొణిగింది. నాలుగు వారాలుగా అది చెప్పినట్టే వింటున్నాను కదా, ఈసారి వినలేదు.

"మేస్త్రి గారూ," అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ పట్టీ తిప్పిపెట్టింది మీరు కాదు. నేను."

వైరు చుడుతున్న చేతులు ఆగాయి. లోపల చిన్న మేస్త్రి సుత్తి చప్పుడూ ఆగింది.

"మా అమ్మాయి ఏమైనా చెప్పమందా?" అన్నారాయన. "అది కూడా ఇలాగే అంటుంది. నేను బాధపడతానని."

"ఎవరూ చెప్పమనలేదండీ." సంచిలోంచి పెద్దగా ప్రింటు తీయించిన ఫొటో ఆయన చేతికిచ్చాను. "బేస్ నా చేతికొచ్చిన వారం తీశాను. ఇది మీరు పెట్టినట్టే ఉన్న పట్టీ. తర్వాత నేను పాలిష్ చేస్తానని విప్పి, తిప్పిపెట్టి, ఫ్యాక్టరీ తప్పని వ్యాసం రాశాను. ఇక్కడికొచ్చాక మీ తప్పన్నాను. ఆ సాయంత్రమే ఈ ఫొటో చూసి నాకు తెలిసిపోయింది. తెలిసీ తీసేశాను."

పళ్ళ డాక్టరు టీ తాగడం మర్చిపోయి నోరు తెరిచాడు.

మేస్త్రి గారు "భూతద్దం," అన్నారు. చిన్న మేస్త్రి తెచ్చిచ్చింది. ఆయన ఫొటోని గుమ్మంలోకి తీసుకెళ్ళి, వెలుతురులో, ఒక్కో మెట్టునీ వేలితో తడుముతూ చూశారు. కాగితం మీద మెట్లు తగలవని తెలిసినా తడిమారు. తర్వాత భూతద్దం దించి, తన చేతుల వంక చూసుకున్నారు.

"నావి కాదన్నమాట," అన్నారు.

ఆయన కళ్ళు చెమర్చాయి. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"క్షమించండి," అన్నాను.

"క్షమించడం తర్వాత చూద్దాం. ముందు ఇటు కూర్చో."

నన్ను బల్ల ముందు కూర్చోబెట్టారు. మూత విప్పించారు, పట్టీ ఊడదీయించారు. కళ్ళు మూసుకోమని, పట్టీని నా చేతిలో తిప్పి తిప్పి పెట్టి, "లావు తీగ వైపు ఏది?" అని అడిగారు. ఆరుసార్లు తప్పు చెప్పాను. కాలేజీ అమ్మాయిలు లెక్కపెట్టారు. ఏడోసారికి వేలి కింద మెట్టు తగిలింది, నిజంగా తగిలింది. "ఇది," అన్నాను.

"అయిదేళ్ళ పిల్లకి మా ఇంట్లో రెండోసారికే వచ్చింది," అన్నారు, కూతుర్ని చూపిస్తూ. "పరవాలేదు. వ్యాసాలు రాసేవాళ్ళకి కొంచెం ఆలస్యమవుతుంది."

చెవి మీది పెన్సిల్ ఇమ్మని కూతుర్నడిగి, పట్టీ అడుగున బాణం గుర్తు వేసి, పక్కన "ఇటు" అని రాశారు. "ముప్పై ఏళ్ళలో ఎవరి బేస్ మీదా ఇలా రాయాల్సిన అవసరం రాలేదు నాకు," అన్నారు. తర్వాత ఆ పెన్సిల్‌ని తన చెవి మీద పెట్టుకున్నారు. కూతురి వైపు తిరిగి, మామూలు గొంతుతో, "ఆ డబుల్ బేస్ ఆయనకి ఫోన్ చెయ్యమ్మా. ఇంకెవరి చేతిలోనూ పెట్టకముందే తెమ్మను," అన్నారు.

చిన్న మేస్త్రి ఫోన్ తీసింది. నంబరు నొక్కలేక రెండుసార్లు ఆగి, కళ్ళు తుడుచుకుని నొక్కింది.

నేను బేస్ సర్దుకుని లేచాను. గుమ్మం దాటబోతుంటే మేస్త్రి గారు, పనిలోంచి తలెత్తకుండానే, "మీ పెదనాన్నని ఒకసారి రమ్మని చెప్పు బాబూ," అన్నారు.

"బేస్ గురించాండీ?"

"బేస్ గురించైతే నీతోనే మాట్లాడేవాణ్ణి కదా."

పళ్ళ డాక్టరు ఆ మాట ముందు అర్థం చేసుకుని, నా వీపు మీద ఒక్కటి చరిచాడు. నాకు అర్థమయ్యేసరికి సగం మెట్లు దిగాను.

వెనక అడుగుల చప్పుడు. చిన్న మేస్త్రి, చేతిలో నేను మర్చిపోయిన గొడుగు.

"మొదటి రోజు సాయంత్రమే మీ వ్యాసం తెరిచాను," అంది. "నవ్వుకుందామని. ఏడో ఫొటో చూసి నాన్నని పిలుచుకొచ్చేసరికి అది మాయమైంది. ఎన్నిసార్లు చెప్పినా ఆయన నమ్మలేదు. కూతురు కదా, అలాగే అంటుందనుకున్నారు. మీ నోటితో రావాలి. నేను నిలదీసి చెప్పిస్తే అది మళ్ళీ నా మాటే అయ్యేది."

"నాలుగు వారాలు పట్టింది నాకు."

"పట్టింది. ఆ నాలుగు వారాలూ మిమ్మల్ని అసహ్యించుకుందామని చాలా కష్టపడ్డాను." గొడుగు నా చేతిలో పెట్టింది. "వ్యాసం సంగతి?"

"పొద్దున్నే సరిచేశాను. ఒకే ఒక్క వాక్యం. 'పట్టీని తిరగేసింది ఫ్యాక్టరీ కాదు, మేస్త్రి కాదు, నేను.' అయినా ముగ్గురు నిపుణులు ఒప్పుకోవట్లేదు. గ్రాఫ్ అబద్ధం చెప్పదంటున్నారు."

ఆమె నవ్వింది. నెల రోజుల తర్వాత, పూర్తిగా, ఆ కనుబొమతో సహా.

"ఇంకేమైనా చెప్పాలా?" అంది.

ఈసారి నిజంగానే ఒకటి మిగిలి ఉంది. "ఉంది. ఆ స్క్రూలు. ప్రతి వారం నేనే వదులు చేసుకుని తెచ్చేవాణ్ణి."

"అది కూడా తెలుసు. స్క్రూ తల మీద గీతలు చూస్తే తెలియదా?" మెట్ల మీద ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించింది. "నాన్నకి చెప్పకు. రెండో వారం నుంచి నేనూ సగమే బిగించాను."